మాచిపత్రి, ఆదిసర్పము, గొఱ్ఱెపిల్ల: బైబిలు ప్రవచన ప్రతీకలకు తెలుగునాట అర్థవిచారము

1. విషయ ప్రవేశము

జగిత్యాలకు చేరువనున్న గొల్లపల్లి నేడొక మండల కేంద్రము. 2016 అక్టోబరు 11వ తేదీన జగిత్యాల ప్రత్యేక జిల్లాగా ఏర్పడువరకు ఈ ప్రాంతము కరీంనగరము జిల్లాలో చేరియుండెను. 1948 సెప్టెంబరుకు పూర్వమిది నిజాము రాజ్యములోనిది. ఊరి పేరే గొఱ్ఱెల కాపరుల సంగతి చెప్పుచున్నది. కొంత దూరమున గోదావరీ తీరమునందు ధర్మపురి నరసింహక్షేత్రము కలదు. చుట్టుపట్ల పల్లెలలో మల్లన్న, బీరప్పల ఒగ్గుకథలు వినిపించును. అట్టి పల్లెలలోనే క్రైస్తవ కుటుంబములును, వారి ప్రార్థనా మందిరములును కలవు.

కొన్నియేండ్ల క్రిందట వినాయక చవితి ముందునాడు ఈ వ్యాసకర్త ఆ ఊరి అంగడిలో నుండగా, పత్రి అమ్ముచున్న గంప యొద్ద ఒక వృద్ధ క్రైస్తవుడు మాచిపత్రి రెమ్మ నొకదానిని చేతబట్టి, “సారూ, గిది దేవునికి పెట్టే ఆకే గద. మా గ్రంథంల రాలిపడ్డ చుక్కకు గీ పేరెందుకు పెట్టిన్రు?” అని యడిగెను. ఆ ప్రశ్న వెనుక మఱియొక చింత కలదని మాటలలో తెలియవచ్చినది. ఆ చుక్క ఇదివఱకే రాలినదనియు, లోకాంతము వాకిట నున్నదనియు ఎవరో ఉపదేశించిరట. అట్లయినచో మనుమరాలిని కళాశాలకు పంపుట దండుగ యని ఇంట వాదము నడచుచున్నదట.

వృద్ధుని ప్రశ్న భాషాశాస్త్రమునకు, అనువాద చరిత్రకు, వ్యాఖ్యాన శాస్త్రమునకు సమానముగా చెందినది. ఒక ప్రతీక ఒక భాషనుండి మఱియొక భాషకు నడచివచ్చినపుడు దాని అర్థ మేమగును? ఆ అర్థమును నిర్ణయించు అధికారము దేనికి కలదు? దానియేలు, ప్రకటన గ్రంథముల ప్రతీకలను ఆలంబనముగా గొని ఈ రెండు ప్రశ్నలను విచారించుట ఈ వ్యాసోద్దేశము. మతసిద్ధాంత నిర్ణయము ఇచట చేయబడదు. తెలుగు శాఖలోని పరిశోధకులకు ఈ గ్రంథములు అనువాద వాఙ్మయముగా నెంతటి విలువ గలవో చూపుటయే ముఖ్యము.

2. తెలుగు పాఠము వచ్చిన త్రోవ

బైబిలును తెలుగు చేయుటకు తొలుత గట్టిగా పూనుకొన్నవాడు జర్మను దేశీయుడగు బెంజమిన్ షుల్జ్. ఈతడు తరంగంబాడినుండి మద్రాసు చేరి, 1727 నాటికి క్రొత్త నిబంధనమును, 1732 నాటికి పాత నిబంధనమును అనువదించెను. ఆ వ్రాతప్రతులు ముద్రణ భాగ్యమునకు నోచుకొనలేదు. అయినను ఈతడు స్వదేశమునకు మరలిన పిదప హాలే నగరమున 1746, 1747 సంవత్సరములలో అచ్చువేయించిన చిన్న పొత్తములు తెలుగు ముద్రణ చరిత్రకు మొదటి మెట్టు.

1805లో లండను మిషనరీ సంఘమునకు చెందిన క్రాను, డెగ్రాంజెసు అనువారు విశాఖపట్టణమున అనువాదమును క్రొత్తగా ఆరంభించిరి. క్రైస్తవ మతము పుచ్చుకొన్న ఆనందరాయరు అను బ్రాహ్మణుడు వీరికి తోడ్పడెను. 1809లో క్రాను, 1810లో డెగ్రాంజెసు మరణించిరి. సువార్తలు 1812లో శ్రీరామపురమున ముద్రితములైనవి. 1818లో క్రొత్త నిబంధనము, 1854లో సంపూర్ణ గ్రంథము తెలుగున వెలువడినవి. అటుపిమ్మట సంస్కరణములు జరిగి, నేడు సంఘములలో చదువబడు పాఠము స్థిరపడినది.

ఈ చరిత్రలో మనము గమనింపదగిన దొకటి కలదు. అనువాదకులకు ఎదురైన చిక్కు వ్యాకరణ మాత్రమున లేదు. హెబ్రీ, అరామీ, గ్రీకు భాషలలోని మృగములకు, వృక్షములకు, కొలతలకు తెలుగున మాటలు వెదకినపుడు, ఆ మాటలు తమ పూర్వ సంబంధములను వెంటబెట్టుకొనియే వచ్చినవి. ‘ప్రకటన’ అను గ్రంథనామమే ఇందుకు తొలి ఉదాహరణము. గ్రీకు మూలమున దాని పేరు ‘అపొకాలుప్సిస్’. ముసుగు తొలగించుట యని దాని అర్థము. తెలుగు వాడుకలో ప్రకటన యనగా నలుగురికి చాటి చెప్పునది, ఒక వార్త. ముసుగు తొలగినపుడు కనబడునది అంతకుముందే ఉన్న వస్తువు. చాటింపులో వినబడునది ఇక జరుగబోవు సంగతి. ఈ స్వల్పభేదము చదువరి దృష్టిని వర్తమానమునుండి భవిష్యత్తువైపు మరల్చగలదు.

3. గ్రంథము తానే చెప్పిన అర్థములు

ప్రతీకల యర్థమును నిర్ణయించుటకు మొదటి ప్రమాణము గ్రంథమే. దానియేలు గ్రంథము 8వ అధ్యాయమున పొట్టేలొకటియు మేకపోతొకటియు పోరాడును. ఆ అధ్యాయమునందే పొట్టేలు మాదీయ పారసీక రాజులనియు, మేకపోతు గ్రేకుల రాజనియు స్పష్టముగా చెప్పబడినది. ప్రకటన గ్రంథము 1వ అధ్యాయమున ఏడు దీపస్తంభములు ఏడు సంఘములని చెప్పబడెను. 17వ అధ్యాయమున మృగముయొక్క ఏడు తలలు ఏడు కొండలనియు, దానిపై కూర్చున్న స్త్రీ భూరాజుల నేలు మహానగరమనియు వివరణ కలదు. ఏడు కొండల నగరము రోమని ఆనాటి శ్రోతలకు ఎవరును చెప్పనక్కఱలేదు.

రెండవ ప్రమాణము పూర్వగ్రంథములు. ప్రకటన గ్రంథకర్త పాత నిబంధనమును పేరెత్తి ఉదాహరింపడు. కాని ఆయన వర్ణనలలో యెహెజ్కేలు, దానియేలు, యెషయా, జెకర్యా గ్రంథముల పోలికలు అడుగడుగునను కానవచ్చును. సింహాసనము చుట్టునున్న నాలుగు జీవులు యెహెజ్కేలు దర్శనమునుండి వచ్చినవి. సముద్రమునుండి లేచిన మృగమున దానియేలు 7వ అధ్యాయమునందలి సింహము, ఎలుగుబంటి, చిఱుతపులి ఒక్క శరీరమున కలిసినవి. మన ప్రబంధములలోని పౌరాణిక సూచనలను పురాణ మెఱుగక విప్పలేనట్లే, ఈ చిత్రములను పూర్వగ్రంథ మెఱుగక విప్పజాలము.

మూడవ ప్రమాణము రచనాకాలము. దానియేలు గ్రంథమునందలి ‘చిన్న కొమ్ము’ సిరియా నేలిన నాలుగవ అంతియోకసు అని పెక్కుమంది పండితుల నిర్ణయము. ఈతడు క్రీ.పూ. 175 నుండి 164 వఱకు రాజ్యము చేసెను. క్రీ.పూ. 167లో ఈతడు యెరూషలేము దేవాలయమును అపవిత్రము చేయగా, 164లో యూదులు దానిని మరల ప్రతిష్ఠించుకొనిరి. క్రీ.శ. మూడవ శతాబ్దిలోనే పోర్ఫిరీ అను తత్త్వవేత్త ఈ గ్రంథము అంతియోకసు నాటిదని వాదించెను. జెరోము తన వ్యాఖ్యానమున దానిని ఖండింప యత్నించెను. ప్రకటన గ్రంథము రోము చక్రవర్తి డొమీషియను పాలన చివర, అనగా క్రీ.శ. 95 ప్రాంతమున వెలువడినదని ఇరేనియసు నాటినుండి వచ్చుచున్న మాట. నీరో కాలమునకు దగ్గఱిదని కొందఱందురు. రెండు పక్షములయందును ఒక్కటి నిశ్చయము: ఈ గ్రంథములు సుఖముగానున్నవారు తీరికవేళ వ్రాసికొన్న పొడుపుకథలు కావు. రాజబలము మీదబడి నలుగుచున్న చిన్న సమాజములకు ధైర్యము చెప్పుటకు పుట్టినవి.

నల్లని గుఱ్ఱముపై త్రాసు పట్టుకొని వచ్చు వాని ప్రసంగమును చూడుడు. ఒక దేనారమునకు ఇంత గోధుమయని అచ్చట ధర వినబడును. దేనారము ఒకనాటి కూలి. గ్రీకు మూలమునందలి ‘ఖోయినిక్స్’ ఒక మనుష్యునికి ఒక దినమునకు చాలు ధాన్యపు కొలత. తెలుగు పాఠమున దీనికి ‘సేరు’ అని వ్రాసిరి. దినమంతయు పాటుపడినవాడు తన పొట్టకు మాత్రము తెచ్చుకొనగలడు. భార్యాబిడ్డల కేమియు మిగులదు. నూనెకును ద్రాక్షారసమునకును హాని లేదనుటలో, కలవారి భోగము తఱుగలేదను ఎత్తిపొడుపు కలదని వ్యాఖ్యాత లందురు. మానికలతో, సేరులతో గింజలు కొలుచుకొని కూలి పుచ్చుకొన్న తెలంగాణపు శ్రోతకు ఈ గుఱ్ఱ మేదియో వేఱుగా విప్పి చెప్పవలసిన పని లేదు. అనువాదకుడు విదేశపు కొలతను దేశపు కొలతగా మార్చి, ప్రతీకను బ్రతికించిన చోటులలో ఇది యొకటి.

4. సంఖ్యలు: భూతసంఖ్యా పద్ధతితో పోలిక

ప్రవచన గ్రంథములలో చదువరులను ఎక్కువగా తప్పుదారి పట్టించినవి సంఖ్యలు. ఇచట తెలుగు పరిశోధకులకు ఒక సౌకర్యము కలదు. మన శాసనములను, గ్రంథాంత గద్యములను చదువువారు భూతసంఖ్యలకు అలవాటుపడినవారు. నేత్రము 2, అగ్ని 3, వేదము 4, శరము 5, ఋతువు 6, వసువు 8, గగనము సున్న. శకవర్షమును చెప్పునపుడు శరమను మాట వచ్చినంతమాత్రమున శాసన పరిశోధకుడు ఆ సంవత్సరము యుద్ధము జరిగెనని వ్రాయడు. కటపయాది పద్ధతిలో అక్షరములే అంకెలగును. సంకేతము వెనుకనున్న సమయమును, అనగా ఆ సమాజపు ఒడంబడికను తెలిసికొన్నవానికే సంఖ్య విచ్చుకొనునని దీనివలన తెలియుచున్నది.

హెబ్రీ, గ్రీకు భాషలయందును అక్షరములకు అంకెల విలువ కలదు. ప్రకటన 13వ అధ్యాయమున మృగముయొక్క సంఖ్య 666 అని చెప్పబడినది. ‘నీరోను కైసరు’ అను పేరును హెబ్రీ అక్షరములలో వ్రాసినచో మొదటి పదమున 50, 200, 6, 50 కలిసి 306, రెండవ పదమున 100, 60, 200 కలిసి 360, మొత్తము 666. కొన్ని ప్రాచీన ప్రతులలో 616 అను పాఠాంతరము కలదు. ఇరేనియసు ఆ పాఠము నెఱిగి దానిని నిరాకరించెను. లాటిను ఉచ్చారణము ననుసరించి పేరు చివరి నకారము తీసివేసినచో 50 తగ్గి 616 వచ్చును. రెండు పాఠములు ఒక్క పేరికే సరిపోవుట ఈ అర్థమునకు బలము చేకూర్చుచున్నది. పాఠాంతర విచారము అర్థనిర్ణయమునకు ఎట్లు తోడ్పడునో విద్యార్థులకు చూపుటకు ఇంతకన్న మంచి యుదాహరణము అరుదు.

మూడున్నర సంవత్సరములు, 42 నెలలు, 1260 దినములు అని ఒక్క కాలమే మూడు విధముల చెప్పబడినది. ఏడు పూర్ణసంఖ్య, అందు సగము మూడున్నర. అంతియోకసు నాటి యుపద్రవ కాలము ఇంచుమించుగా అంతటిదే. కావున, హింసకు గడువు కలదు, అది పూర్ణకాలము నిలువదు అని ఈ సంఖ్య భావము.

సంఖ్యను సంకేతముగా గాక పంచాంగముగా చదివినవారి కథయు చరిత్రలో కలదు. దినమొకటి సంవత్సరమొకటిగా లెక్కించు పద్ధతి ననుసరించి అమెరికాలో విలియం మిల్లరు అను ఉపదేశకుడు దానియేలు గ్రంథమునందలి 2300 దినములను 2300 సంవత్సరములుగా గొని, క్రీ.పూ. 457 నుండి లెక్కించి, క్రీస్తు పునరాగమనము 1843, 1844 ప్రాంతమున జరుగునని చాటెను. ఆయన అనుయాయులు తుదకు 1844 అక్టోబరు 22వ తేదీని నిశ్చయించిరి. కొందఱు పంటలు కోయక విడిచిరి. ఆ దినము వచ్చినది, పోయినది. చరిత్రకారులు దానికి ‘మహా నిరాశ’ యని పేరిడిరి. అంకగణితమున దోషము లేదు. సంకేతమును చదివిన పద్ధతిలోనే దోషము కలదు.

5. వ్యాఖ్యాన సంప్రదాయములు

ప్రకటన గ్రంథ వ్యాఖ్యాతలను స్థూలముగా నాలుగు తెగలుగా విభజింపవచ్చును. మొదటివారు గ్రంథవిషయము రచనాకాలమునకే చెందినదందురు. స్పెయినుకు చెందిన అల్కాజారు వ్యాఖ్యానము 1614లో వెలువడి ఈ మార్గమునకు ప్రసిద్ధి తెచ్చెను. రెండవవారు సంఘచరిత్ర యంతయు వరుసగా ఇందు చిత్రితమైనదని భావింతురు. పండ్రెండవ శతాబ్దివాడగు ఫ్లోరావాసి జోయాకీము మొదలుగా పెక్కుమంది ఈ తెగవారు. భౌతిక శాస్త్రవేత్త ఐజాకు న్యూటను దానియేలు, ప్రకటన గ్రంథములపై వ్రాసిన పరిశీలనము ఆయన మరణానంతరము 1733లో వెలువడినది. ఆయనయు ఈ మార్గమువాడే. అయినను ప్రవచనములు భవిష్యత్తును ముందుగా తెలిసికొను కుతూహలము తీర్చుటకు కావనియు, జరిగిన పిదప దైవసంకల్పమును గుర్తించుటకే యనియు ఆయన హెచ్చరించెను. మూడవవారు గ్రంథమునందలి అధికభాగము లోకాంతమునకు చెందినదందురు. పదునాఱవ శతాబ్ది చివర రిబేరా యను స్పెయిను పండితుడు చూపిన ఈ త్రోవ పందొమ్మిదవ శతాబ్దిలో డార్బీవలన క్రొత్తరూపు దాల్చి, 1909లో ముద్రితమైన స్కోఫీల్డు బైబిలు వలన దేశదేశములకు ప్రాకినది. నాల్గవవారు అగస్టీను మొదలగువారి ననుసరించి, దైవరాజ్యమునకును పశుబలమునకును సర్వకాలములయందు జరుగు పోరాటమే ఇందలి విషయమందురు.

ఈ మార్గములు పుట్టిన సమాజములతో తెలుగుదేశమునకు సంబంధము కలదు. 1836లో ఆంతొనీ నారిసు గ్రోవ్సు ప్రోత్సాహమున వచ్చిన బౌడెను, బీరు కుటుంబములు గోదావరి డెల్టాలో నరసాపురము కేంద్రముగా పనిచేసినవి. గ్రోవ్సు, డార్బీ ఇరువురును సహోదర సంఘోద్యమమునకు చెందినవారే. 1938లో ముంగమూరి దేవదాసుగారి నాయకత్వమున రాజమహేంద్రవరమున ఆరంభమైన బైబిలు మిషనులో ‘రాకడ’ యనెడి మాటకు ప్రత్యేక ప్రాధాన్యము లభించినది. అచ్చ తెలుగు మాట యొకటి సాంకేతిక పదమగుట ఇందు విశేషము. 1950లో హైదరాబాదులో హెబ్రోను కేంద్రముగా భక్తసింగుగారు నెలకొల్పిన సమాజములు పాత నిబంధన వస్తువులను క్రీస్తుకు ఛాయలుగా వివరించు పద్ధతికి పేరుపడినవి.

కరీంనగరము, మెదకు ప్రాంతములలో వెస్లియను మెథడిస్టుల కృషి వేఱు తీరున సాగినది. చార్లెసు వాకరు పోస్నెట్టు కట్టించిన మెదకు దేవాలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడినది. ఆ సంఘములు 1947 సెప్టెంబరు 27న ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘమున చేరినవి. కరీంనగరము కేంద్రముగా నేడొక అధ్యక్ష ఖండము కలదు. మెదకు దేవాలయపు గాజు కిటికీలలో క్రీస్తు జననము, సిలువ మరణము, ఆరోహణము అను మూడు ఘట్టములు చిత్రితములైనవి. మృగములు లేవు, సర్పము లేదు. కథ చెప్పు చిత్రములే గోడల కెక్కినవి. ప్రవచన ప్రతీకలు మాటల రూపముననే, పఠనమునందే ప్రజలకు చేరినవి. అందువలన ఆ ప్రతీకల విషయమున తెలుగు మాటయొక్క భారము మఱింత పెరిగినదనవచ్చును.

6. తెలుగు మాటల ఇరుగుపొరుగు

ఇక ముఖ్యాంశమునకు వత్తము. ప్రకటన 12వ అధ్యాయమున గ్రీకు ‘ద్రాకోన్’ అనుదానికి తెలుగున ‘ఘటసర్పము’ అని వాడిరి. ఘటమనగా కుండ, కుండలోని పామును చేతబట్టి సత్యము నిరూపించుకొను దివ్యపరీక్ష మన సంప్రదాయమున ప్రసిద్ధము. ఆ పేరు ఒక భయంకర మహాసర్పమునకు చెల్లినది. ఆ ఘటసర్పమునే 9వ వచనమున ‘ఆదిసర్పము’ అనిరి. మూలమున ఆదికాండమునందు హవ్వను మోసపుచ్చిన ప్రాచీన సర్పమని భావము. కాని తెలుగువాని చెవిని ఆదిసర్పమను మాట పడగనే విష్ణువునకు శయ్యయై భూభారము మోయు ఆదిశేషుడు స్ఫురించును. అక్కడ లోకమును మోయువాడు. ఇక్కడ లోకమును మోసగించువాడు. యెషయా 27వ అధ్యాయమున లివ్యాతానునకు ‘మకరము’ అని అనువదించుటచే ఇంకొక చిక్కు కలిగినది. మూలమున ఈ సర్పములన్నియు ఒక్క కుదుటివి. తెలుగున ఒకటి కుండలోని పాము, ఒకటి గజేంద్రుని పట్టిన మొసలి, ఒకటి శేషుడు. మాటలు విడిపోవుటచే ప్రతీకల బంధుత్వము మఱుగుపడినది.

మిశ్రమృగముల విషయము మఱింత ఆలోచింపదగినది. ధర్మపురిలో కొలువైన దేవుడు నరసింహుడు. సగము మృగము, సగము మనుష్యుడు అయిన రూపము అచట దైవమునకు చిహ్నము. ప్రజాపీడకుడైన హిరణ్యకశిపుడు సామాన్య పురుషాకారము గలవాడు. దానియేలు 7వ అధ్యాయమున ఇది తలక్రిందులైనది. పక్షిరాజు రెక్కలు గల సింహము మొదలగు వికృత మృగములు ప్రజలను నమలు సామ్రాజ్యములు; వాటి పిమ్మట మేఘారూఢుడై వచ్చు దైవరాజ్య ప్రతినిధి మనుష్యకుమారుని పోలినవాడు. రాజ్యము మనుష్యత్వమును కోల్పోయినపుడు మృగమగును, దైవపాలనలో మనుష్యత్వము తిరిగి వచ్చునని అందలి ధ్వని. ధర్మపురి చదువరి ఈ భేదము నెఱుగక చదివినచో తన దేవుని రూపము నిందింపబడినదని నొచ్చుకొనవచ్చును; లేదా ఇరుగుపొరుగు వారొకరు ఆ నెపమున నిందింపవచ్చును. రెండును పొరపాట్లే. సింహాసనము చుట్టునున్న పవిత్ర జీవులలో సింహముఖము గలదియు కలదు. యూదా గోత్రపు సింహమను బిరుదు క్రీస్తునకే కలదు. ఆకారమువలన గాక సందర్భమువలననే ప్రతీక మంచిదో చెడ్డదో తేలును. దుర్మార్గ రాజ్యము నశించుననుటలో మాత్రము రెండు సంప్రదాయములు ఒకదానికొకటి చేరువ.

తెల్లని గుఱ్ఱముపై వచ్చువానిని చూచినపుడు మనకు కల్కి జ్ఞప్తికి వచ్చును. ప్రకటన 19వ అధ్యాయపు రౌతునకు ఖడ్గము చేత లేదు, నోట కలదు, వాక్కే ఆయుధము. కల్కి పిమ్మట కృతయుగము మరల తిరిగివచ్చును. ప్రకటన గ్రంథమున కాలచక్రము తిరుగదు, క్రొత్త నగరము దిగివచ్చును. పోలికను చూచి ఒకటి రెండవదానినుండి పుట్టినదనుట తొందరపాటు.

గొఱ్ఱెపిల్ల విషయమున గొల్లపల్లి శ్రోతకు పండితునికన్న ఎక్కువ తెలియును. జాతరలలో గావుపట్టుట అతడు చూచినవాడు. ప్రకటన 5వ అధ్యాయమున యోహాను సింహమును గూర్చి వినును. తిరిగి చూడగా వధింపబడినట్లుండి నిలిచియున్న గొఱ్ఱెపిల్ల కనబడును. వినినది బలము, కనినది బలి. బలియైనది లేచి నిలిచెననుట కాపరి యెన్నడును చూడని సంగతి. అందుచే ఈ చిత్రము అతనికి తెలిసినదియు, విస్మయకరమైనదియు ఒక్కసారే అగుచున్నది. ప్రతీక పూర్తిగా పనిచేయుట యన ఇదియే.

పోతులూరి వీరబ్రహ్మముగారి కాలజ్ఞానమును ఇచట స్మరింపక తప్పదు. కందిమల్లాయపల్లెనుండి తెలుగునాడంతటను వ్యాపించిన ఆ వాక్కులు, వీరభోగ వసంతరాయల రాకను గూర్చిన నిరీక్షణము, తెలుగు ప్రజలకు ప్రవచనమును చదువు ఒక అలవాటును నేర్పినవి. ఏదేని వింత జరిగినపుడు ‘బ్రహ్మముగారు చెప్పినట్లే’ యనుట మన వాడుక. జరిగిన పిదప వాక్యమును వెదకి అన్వయించు ఈ పద్ధతియే క్రైస్తవ శ్రోతలలోను ప్రకటన గ్రంథమునకు వర్తించుచున్నది. కాలజ్ఞానమునందలి సామాజిక విమర్శ, కులాహంకార ఖండనము ఈ అన్వయ కుతూహలమున మరుగుపడినట్లే, ప్రకటన గ్రంథమునందలి పీడితుల మొఱయు మరుగుపడుచున్నది.

7. మాచిపత్రి

ఇపుడు వృద్ధుని ప్రశ్నకు బదులు చెప్పవచ్చును. ప్రకటన 8వ అధ్యాయమున రాలిన నక్షత్రము పేరు గ్రీకున ‘అప్సింథోస్’. మిక్కిలి చేదైన ఒక మూలిక. తెలుగు మాచిపత్రియు వృక్షశాస్త్రరీత్యా ఆ మూలిక కుటుంబమునకు, ఆ గణమునకే చెందినది. అనువాదము తప్పు కాదు. కాని వినాయక వ్రతకల్పమున పూజింపబడు ఇరువదియొక్క పత్రములలో మొదటిది మాచీపత్రము. తెలుగువాడు దాని సువాసన నెఱుగును. చేదు నెఱిగినవాడు వైద్యుడు. మూలమున నాలుకకు తగులు ప్రతీక తెలుగున ముక్కునకు తగులుచున్నది. వృద్ధుని సందేహము అజ్ఞానము కాదు. అనువాద సమస్యను సరిగా పట్టుకొన్న విమర్శకుని సందేహమది.

అర్థమునకు పూర్వగ్రంథములను చూడవలెను. యిర్మీయా గ్రంథమున చేదు మూలికయు విషజలమును జంటగా వచ్చును. న్యాయము తప్పిన జనమునకు కలుగు ఫలమది. విలాపవాక్యములలో యెరూషలేము పతనమును గూర్చి యేడ్చువాడు మాచిపత్రిని త్రాగినవానివలె మాటలాడును. అన్యాయము ఊరి నీటిబుగ్గలవఱకు దిగి త్రాగువారికి చేదగునని నక్షత్రపు భావము. 1986లో ఉక్రెయినునందలి చెర్నోబిలు అణువిద్యుత్ కేంద్రమున ప్రమాదము జరిగినపుడు, ఆ ఊరి పేరు ఈ జాతి మొక్కదే యని తెలిసి పలువురు నక్షత్రము రాలినదనిరి. పేరు కలియుట సత్యము. కాని ఇదియే అర్థమైనచో క్రీ.శ. మొదటి శతాబ్దిలో ఈ గ్రంథమును చేతబట్టి ప్రాణములు విడిచినవారికి ఆ వాక్యము వ్యర్థమని చెప్పవలసివచ్చును. తొలి శ్రోతలకు ఏ అర్థమును లేని అర్థము గ్రంథార్థము కాజాలదు.

వృద్ధునికి ఆనాడు ఇంత విరివిగా చెప్పుట కుదరలేదు. యిర్మీయా కథ యొకటి మాత్రము జ్ఞాపకము చేసితిని. బబులోను సేనలు యెరూషలేమును ముట్టడించియుండగా, నగరము కూలునని తానే చెప్పుచుండిన ఆ ప్రవక్త అనాతోతులోని పొలమును పదునేడు తులముల వెండి తూచి యిచ్చి కొనెను; పత్రము వ్రాయించి, సాక్షుల సంతకములు పెట్టించి, మట్టికుండలో భద్రపఱపించెను. లోకాంతము చేరువయని పనులు మానిన థెస్సలొనీకయులను పౌలు మందలించి పని చేసికొనుడని వ్రాసెను. నాశనమును పలికిన ప్రవక్తయే పొలము కొనినపుడు, ప్రవచనమును విన్నవాడు మనుమరాలి చదువు మానిపింప నేల? వృద్ధుడు కొంతసేపు ఊరకుండి, రెమ్మను ముక్కునకు దగ్గఱ చేర్చి, మరల గంపలో పెట్టెను.

8. ఫలితాంశము

పై విచారమువలన తేలిన అంశములు ఇవి. ప్రవచన ప్రతీకకు గ్రంథము స్వయముగా చెప్పిన అర్థము మొదటిది. పూర్వగ్రంథ సంబంధము రెండవది. రచనాకాలపు చరిత్ర మూడవది. అనువాద భాషలో ఆ మాటకు గల ఇరుగుపొరుగు నాల్గవది. ఇది అర్థమును నిర్ణయింపదు గాని, శ్రోత హృదయమున ఆ యర్థ మెట్లు రూపొందినదో, ఎచట త్రోవ తప్పినదో తెలుపును. మొదటి మూడింటిని వేదాంత పండితులు చాలకాలమునుండి పరిశోధించుచున్నారు. నాల్గవది తెలుగు పరిశోధకుల పని. సేరు, ఘటసర్పము, మకరము, రాకడ, మాచిపత్రి వంటి మాటలను ఏర్చి, వేర్వేఱు ముద్రణములలోని పాఠములను సరిపోల్చి, పల్లెలలో అవి వినబడు తీరును సేకరించినచో, మన భాషలో గత రెండువందల సంవత్సరములుగా జరిగిన అర్థపరిణామ చరిత్రలో ఒక విస్మృతాధ్యాయము వెలుగులోనికి వచ్చును. ఆ పనికి పూనుకొను విద్యార్థి గ్రంథాలయముతో పాటు గొల్లపల్లి అంగడికిని పోవలెను.